కట్లపాము కాటుకి ముందు రెప్పలే ఎందుకు వాలతాయి? కంటి కండరాల్లో నరాల అల్లిక కథ

వానాకాలం, పొలం గట్టునే ఇల్లు, నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. ఒంటి మీద వాపు ఉండదు, కాటు గుర్తు వెతికినా దొరకదు. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు, ఈలోపు మాట ముద్దముద్దగా వస్తుంటుంది. కట్లపాము కేసులు చూసి చూసి ఉన్న డాక్టరైతే కాళ్లూ చేతులూ వెతకడం తర్వాత పెట్టుకుని ముందు కళ్లు చూస్తారు. "తల కదపకుండా పైకి చూడు, అలాగే చూస్తూ ఉండు" అంటారు. ఆ మనిషి చూస్తాడు, కాసేపటికే రెప్పలు బరువెక్కి కిందికి జారతాయి, వాటిని నిలబెట్టుకోడానికి నుదుటి మీద ముడతలు పడతాయి, అదీ చాలక తలనే వెనక్కి వంచుతాడు. డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పితే కనుగుడ్లు సగం దూరం పోయి ఆగిపోతాయి. అప్పటికి కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి, ఊపిరి కూడా ఆడుతూనే ఉంటుంది.

ఒళ్లంతా తిరిగేది ఒకటే రక్తం, అందులో ఉన్నది ఒకటే విషం. ఒంట్లో కండరాలేమో ఆరు వందలకి పైనే. మరి అన్నిటికంటే ముందు కన్నే ఎందుకు దొరికిపోతుంది?

దీనికి జవాబు చాలావరకు కంటి కండరాల లోపల నరాలు ఎలా అల్లుకున్నాయి అన్నదాంట్లోనే ఉంది. మెడికల్ చదువుల్లో ఇది సగం వరకే మనసుకెక్కుతుంది: ఏ కండరానికి ఏ నరం అన్నది బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, అక్కడితో అయిపోతుంది. కానీ నరం కండరంలోకి దూరాక ఏం చేస్తుంది అన్నదే అసలు సంగతి, పాము కాటు దగ్గర్నుంచి మెల్లకన్ను ఆపరేషన్ దాకా చాలా విషయాలు అర్థమయ్యేది అక్కడే.

ముందు ఆ బట్టీ పట్టే భాగం గబగబా చూసేద్దాం. ఒక్కో కంటిని తిప్పే కండరాలు ఆరు, నిటారుగా పోయే రెక్టస్‌లు నాలుగు, ఏటవాలుగా పోయే ఆబ్లిక్‌లు రెండు. వీటికి తోడు పై రెప్పని ఎత్తే లివేటర్ ఒకటి. నరాలు మూడు, మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల్లో మూడు, నాలుగు, ఆరు నంబర్లవి. చెవి వైపు ఉండే లేటరల్ రెక్టస్ ఆరో నరానిది, సుపీరియర్ ఆబ్లిక్ నాలుగో నరానిది, మిగతావన్నీ లివేటర్‌తో సహా మూడో నరానివి. నాలుగోది కాస్త విచిత్రమైన నరం. ఈ పన్నెండిట్లోకీ సన్నది అదే, మెదడు కాండం వెనక వైపు నుంచి బయటికొచ్చేదీ అదొక్కటే, పుర్రె లోపల దాదాపు 75 మిల్లీమీటర్లు చుట్టు తిరిగి వస్తుంది, పైగా దారిలో పక్క మారుతుంది, అంటే కుడి కంటి సుపీరియర్ ఆబ్లిక్‌ని నడిపించే నాడీకణాలు మెదడులో ఎడమ పక్కన ఉంటాయి. తల పక్కకి గట్టిగా దెబ్బ తగిలిన బైక్ యాక్సిడెంట్ కేసుల్లో మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనబడుతోంది అని వస్తారు చూడండి, చాలాసార్లు అక్కడ దెబ్బతిన్నది ఈ సన్న నరమే.

ఇప్పుడు నరం కండరంలోకి ఎక్కడ దూరుతుందో చూద్దాం. నాలుగు రెక్టస్ కండరాలు కంటి గుంత చివర ఒక ఉంగరం లాంటి దాని దగ్గర మొదలై ముందుకొచ్చి కనుగుడ్డుకి అతుక్కుంటాయి, కాబట్టి కనుగుడ్డు వెనక ఒక శంకువు ఆకారం తయారవుతుంది. ఈ నాలుగిటికీ నరాలు శంకువు లోపలి వైపు నుంచే వస్తాయి, వచ్చి కండరం పొడవులో వెనక మూడోవంతు, మధ్య మూడోవంతు కలిసే చోట లోపలికి దూరతాయి. సుపీరియర్ ఆబ్లిక్ నరం మాత్రం ఆ ఉంగరంలోంచి రాదు, శంకువు బయటే ఉండి పై నుంచి కండరంలోకి వెళ్తుంది.

ఈ చిన్న తేడా కాటరాక్ట్ ఆపరేషన్ బల్ల మీద కళ్లారా కనబడుతుంది. కనుగుడ్డు వెనక శంకువులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కాసేపటికి కన్ను అటూ ఇటూ కదలడం ఆగిపోతుంది. అప్పుడు పేషెంట్‌ని "కిందికి చూడండమ్మా" అని అడిగితే, కన్ను కిందికి దిగదు గానీ, తెల్లగుడ్డు మీది ఎర్రటి రక్తనాళాన్ని గుర్తు పెట్టుకుని చూస్తే అది ముక్కు వైపుకి మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది, గడియారం ముల్లు కొంచెం జరిగినట్టు. మిగతా కండరాలన్నీ మత్తులో ఉన్నా సుపీరియర్ ఆబ్లిక్ ఒక్కటి పని చేస్తోందన్నమాట, ఎందుకంటే దాని నరం మందు పడిన చోట లేదు. మూడో నరం పూర్తిగా పడిపోయిన పేషెంట్‌లో నాలుగోది బతికుందా లేదా అని తేల్చుకోడానికి కూడా డాక్టర్లు సరిగ్గా ఈ తిరుగుడే చూస్తారు.

మెల్లకన్ను సర్జరీ ఇన్ని దశాబ్దాలుగా నరం తెగుతుందన్న భయం పెద్దగా లేకుండా జరుగుతోందంటే దానికీ కారణం ఇదే. రెక్టస్‌లోకి నరం దూరే చోటు, కండరం కనుగుడ్డుకి అతుక్కునే చోటుకి దాదాపు 26 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. సర్జన్ పని చేసేదేమో ముందు భాగంలో, కండరం కొసని విప్పి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి కుట్టడమో, కొంత కత్తిరించి బిగించడమో, అంతే. ఇన్ఫీరియర్ ఆబ్లిక్ దగ్గర మాత్రం లెక్క మారుతుంది. దాని నరం కండరం మధ్యలో దూరుతుంది, రక్తనాళాలతో కలిసి గట్టి తాడు లాంటి కట్టగా వస్తుంది, అందుకే ఆ కండరం కొసని ముందుకి తెచ్చి కుడితే ఈ నరం కట్టే దానికి కొత్త ఆధారంలా నిలబడి, కన్నుని పైకి ఎత్తాల్సిన కండరం కాస్తా పైకి పోనివ్వని కండరం అయి కూర్చుంటుంది. నరం అంటే కరెంటు తీసుకెళ్లే వైరు మాత్రమే అనుకుంటాం గానీ ఇక్కడ అది తాడు పని కూడా చేస్తోంది.

మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, మెల్లకన్ను అదృష్టం అని ఇప్పటికీ మన ఇళ్లలో అంటుంటారు, ఆ మాట నమ్మి పిల్లల్ని ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చూపించకపోతే ఆ కంటి చూపే మందగించిపోతుంది, తర్వాత కన్ను నిటారుగా నిలబెట్టినా చూపు పూర్తిగా రావడం కష్టం.

ఇక కండరం లోపలికి. నరాల్ని కండరం లోపల కళ్లతో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది, సీలర్ అనే ఆయన 1895 ప్రాంతంలో కనిపెట్టాడు. కండరాన్ని వారాల తరబడి ఒక ద్రవం తర్వాత ఒక ద్రవంలో నానబెట్టి, రంగు పట్టించి, మళ్లీ అక్కర్లేని రంగు తీసేసి, చివరికి గ్లిజరిన్‌లో ఉంచుతారు, అప్పుడు మాంసమంతా గాజులా పారదర్శకం అయిపోయి లోపలున్న నరాలు మాత్రం ముదురు ఊదా రంగులో మిగులుతాయి. వెలుతురుకి ఎదురు పెట్టి చూస్తే ఎండిన రావి ఆకులో ఈనెలు కనబడినట్టే ఉంటుంది, ఒక కాడ, దాన్నుంచి కొమ్మలు, కొమ్మల్నుంచి రెమ్మలు, రెమ్మల మధ్య మళ్లీ సన్నటి అల్లిక. కాలి పిక్క కండరంతో పోలిస్తే అంత చిన్న కంటి కండరానికి ఇంత దట్టమైన అల్లిక ఎందుకా అనిపిస్తుంది.

ఆ దట్టానికి లెక్క ఇది. పిక్కలో ఒక్క నాడీకణం వెయ్యికి పైగా కండర పోగుల్ని నడిపిస్తుంది, రెండు వేల దాకా కూడా పోతుంది. కంటిలో ఒక్క నాడీకణం చేతికింద ఉండేవి సుమారు 5 నుంచి 20 పోగులు. పిక్కకి కావాల్సింది బలం, ఒక్క ఆర్డరుకి వెయ్యి పోగులు కలిసి లాగాలి. కంటికి కావాల్సింది సూక్ష్మత, అక్షరం మీద అక్షరం చూపు నిలబెట్టాలంటే డిగ్రీలో చిన్న భాగం అంత తేడా కూడా రాకూడదు, కాబట్టి కంట్రోల్ అంత చిన్న చిన్న ముక్కలుగా పంచి పెట్టుకుంది.

ఇందులో ఇంకా లోతుకి వెళ్తే ఒళ్లంతటిలో దాదాపు ఎక్కడా లేని సంగతి ఒకటి కనబడుతుంది. చేతి కండరమో కాలి కండరమో తీసుకుంటే ఒక్కో పోగుకి నరం ఒక్క చోటే వచ్చి తాకుతుంది, పళ్లెం లాంటి జంక్షన్ ఒకటి, దాన్నే ఎండ్‌ప్లేట్ అంటారు. కంటి కండరాల్లో ఈ రకం పోగులు ఉన్నాయి, నూటికి ఎనభై, తొంభై అవే, వాటి ఎండ్‌ప్లేట్లు ఎక్కువగా కండరం నడుము భాగంలో గుంపుగా ఉంటాయి. మిగిలిన పది, ఇరవై శాతం పోగులది మాత్రం వేరే దారి. వాటిని నరం ఒక చోట కాదు, పోగు పొడవునా చాలా చోట్ల తాకుతుంది, చిన్న చిన్న చుక్కలుగా, ద్రాక్షగుత్తిలా. కప్పల్లో, పక్షుల్లో ఇలాంటి పోగులు మామూలే. మనిషి లాంటి పాలిచ్చే జంతువుల్లో మాత్రం ఇవి దాదాపు పోయాయి, కంటి కండరాలతో పాటు చెవి లోపలి బుల్లి కండరాల లాంటి ఒకటి రెండు చోట్ల మిగిలాయి.

ఈ రెండు రకాల పనితీరు కూడా వేరు. ఒక్క ఎండ్‌ప్లేట్ ఉన్న పోగుకి సంకేతం అందితే అది పోగు ఈ చివర నుంచి ఆ చివరకి సర్రున పాకిపోతుంది, పోగు మొత్తం ఒక్కసారి టక్కున లాగుతుంది. ద్రాక్షగుత్తి రకం పోగులో అలా పాకడం ఉండదు, ముఖ్యంగా కనుగుడ్డు వైపు పొరలో ఉన్న వాటిలో. నరం ఎంత గట్టిగా చెప్తే అంత, తాకిన చోటల్లా కొంచెం కొంచెం బిగుసుకుంటుంది, నెమ్మదిగా, అలసట లేకుండా. బావి దగ్గర చేద ఒక్క గుంజుడు గుంజడం ఒకటి, గుంజిన తాడుని జారకుండా పట్టుకుని నిలబడటం ఇంకొకటి కదా, రెండూ కావాలి.

పొరలు అన్నాం కాబట్టి, ప్రతి కంటి కండరంలో రెండు పొరలుంటాయి. ఎముక గోడ వైపు సన్నటి పొర, కనుగుడ్డు వైపు మందమైన పొర. లోపలి పొర పోగులు స్నాయువు, అంటే కండరం కొసన ఉండే గట్టి తాడు లాంటి భాగం, ద్వారా కనుగుడ్డు దాకా పోతాయి. బయటి పొర పోగులు అంతదాకా పోకుండా, కండరం చుట్టూ కప్పీలా పనిచేసే కణజాలానికి అతుక్కుంటాయని లాస్ ఏంజెలిస్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో జోసెఫ్ డెమర్ బృందం చాలా ఏళ్లుగా చెబుతోంది. బయటి పొరలో అయిదో వంతు, లోపలి పొరలో పదో వంతు ఈ ద్రాక్షగుత్తి పోగులు.

ఈ రెండు రకాల పోగుల్నీ నడిపే నాడీకణాలు ఒకటేనా అన్నది చాలాకాలం తేలలేదు. 2001లో బ్యుట్నర్-ఎన్నెవర్ బృందం జర్మనీలో దీన్ని కోతుల మీద చాలా తెలివిగా తేల్చారు. కండరం ముందు కొసలో ఒక్క ఎండ్‌ప్లేట్ రకానికి నరం తాకే చోట్లు ఉండవు, ద్రాక్షగుత్తి రకానివే ఉంటాయి. కాబట్టి నరం వెంబడి వెనక్కి ప్రయాణించే గుర్తు పదార్థాన్ని కొసలో మాత్రమే ఎక్కించి, మెదడులో ఏ కణాలు రంగు తేలాయో చూశారు. నడుములో ఎక్కిస్తే నాడీకేంద్రం మొత్తం వెలిగింది, కొసలో ఎక్కిస్తే కేంద్రం అంచుల్లో, పక్కన విడిగా ఉన్న చిన్న కణాలు మాత్రమే వెలిగాయి. అంటే టక్కున లాగేవాళ్లకి ఒక ఆఫీసు, పట్టుకుని నిలబెట్టేవాళ్లకి పక్కనే ఇంకో ఆఫీసు. 2006లో ఉగోలినీ బృందం ఇంకో అడుగు వెనక్కి వెళ్లింది, ఒక నాడీకణం నుంచి దాని వెనక కణానికి ఎక్కే గుణం రేబిస్ వైరస్‌కి ఉంది కాబట్టి దాన్నే వాడి చూస్తే, ఆ పక్క ఆఫీసుకి ఆర్డర్లు వచ్చేది చూపు నిలబెట్టే చోట్ల నుంచి, రెండు కళ్లనీ దగ్గరికి తెచ్చే చోట్ల నుంచి, నెమ్మది కదలికల చోట్ల నుంచి అని తేలింది, కన్నుని ఒక్క గెంతులో విసిరే కణాల నుంచి కాదు. ప్రాణాలు తీసే వైరస్‌ని ఇలా దారి చూపించే దీపంలా వాడుకోవడం సైన్స్‌లో మెచ్చుకోదగ్గ పనుల్లో ఒకటి.

ఆ గెంతుల సంగతి కూడా చెప్పాలి. ఈ లైను చదువుతున్నప్పుడు కళ్లు నున్నగా జారట్లేదు, సెకనుకి మూడు సార్లు చొప్పున గెంతుతున్నాయి. పెద్ద గెంతులో కన్ను సెకనుకి 500 డిగ్రీలు దాటిన వేగంతో తిరుగుతుంది. దానికోసం నాడీకణం సెకనుకి కొన్ని వందల సార్లు సంకేతం కొడుతుంది, చేతి కండరాల నాడీకణాలు మామూలు పనిలో కొట్టేది కొన్ని పదుల సార్లే. ముందు ఒక్క ఊపు, వెంటనే కొత్త చోట కన్నుని నిలబెట్టే స్థిరమైన స్థాయి. ఇంకో మాట, కన్ను నిటారుగా చూస్తూ "ఊరికే" ఉన్నప్పుడు కూడా ఈ కండరాలకి విశ్రాంతి లేదు. ఎదురెదురు కండరాలు రెండూ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి, ఒకటి ఎక్కువ లాగితే ఎదురుది అంతకి తగ్గట్టు వదులుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ జంక్షన్ల మీద ఈ రద్దీ ఆగదు. కట్లపాము ప్రశ్నకి జవాబులో ఇది మొదటి ముక్క, దాన్ని అలా ఉంచి ఇంకో రెండు సంగతులు చూసి వద్దాం.

ఒకే కండరం, ఒకే నరం అన్న మాట కూడా పూర్తిగా నిలబడదని 2010లో తెలిసింది. డెమర్ సహచరులు కోతుల, మనుషుల లేటరల్ రెక్టస్‌ని సన్నటి పొరలుగా కోసి, నరాన్ని ఒక్కో కోతలో గుర్తిస్తూ కొమ్మకొమ్మనీ వెంబడించారు. ఆరో నరం కండరంలోకి పోకముందే రెండుగా చీలి, ఒక కొమ్మ కండరం పై సగానికి, ఇంకొకటి కింది సగానికి వెళ్తోంది, మధ్యలో ఒకదాని ఇలాకాలోకి ఇంకొకటి పెద్దగా రావట్లేదు. ముక్కు వైపు ఉండే మీడియల్ రెక్టస్‌లోనూ ఇలాంటి విభజనే కనబడింది. అంటే బయటికి ఒక పట్టీలా కనబడే కండరం లోపల రెండు కండరాలుగా పనిచేసే వీలుంది. ఎంఆర్ఐలో తలని పక్కకి వంచిన మనుషుల్ని చూసినప్పుడు ఈ రెండు సగాలూ ఒకేలా బిగుసుకోవట్లేదు. లేటరల్ రెక్టస్ అంటే కన్నుని చెవి వైపుకి మాత్రమే లాగేది అని చదువుకున్నవాళ్లకి ఇది కొత్త విషయమే. ఆరో నరం పక్షవాతంలో కొందరికి కన్ను ముక్కు వైపు తిరిగిపోవడంతో పాటు రెండు కళ్ల మధ్య పైకీ కిందికీ కొంచెం తేడా ఎందుకొస్తుంది అన్న పాత చిక్కుకి, పై సగం మాత్రమే దెబ్బతిని ఉండొచ్చు అనేది ఇప్పుడు నమ్మదగ్గ వివరణ.

ఇంతవరకు మెదడు నుంచి కండరానికి వెళ్లే ఆర్డర్ల కథ. తిరిగి వచ్చే కబురు మాటేంటి? కండరంలో నుంచి ఇంద్రియ జ్ఞానం మెదడుకి వెళ్తుందనడానికి ఆపరేషన్ థియేటర్‌లో రుజువు రోజూ కనబడుతుంది. మెల్లకన్ను ఆపరేషన్‌లో సర్జన్ కొక్కెంతో మీడియల్ రెక్టస్‌ని పట్టి లాగగానే మానిటర్‌లో బీప్ బీప్ అని వస్తున్న శబ్దం మధ్య ఎడం పెరిగిపోతుంది, గుండె కొట్టుకోవడం ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, పిల్లల్లో మరీ ఎక్కువ. మత్తు డాక్టరు "వదలండి" అంటారు, కొక్కెం వదులు చేయగానే బీప్‌లు మళ్లీ దగ్గరపడతాయి. ఈ రిఫ్లెక్స్‌ని 1908లోనే ఆష్నర్, డాగ్నీని వర్ణించారు. ఆ కబురు మోసుకెళ్లేది అయిదో నరం, గుండెని నెమ్మది చేసేది వేగస్ నరం.

కానీ లాగుడు తెలియడం వేరు, కన్ను ఇప్పుడు ఎటు చూస్తోందో తెలియడం వేరు. దీని మీద వందేళ్లకి పైగా నడిచిన వాదన ఉంది. ఒక కన్ను మూసుకుని, తెరిచి ఉన్న కంటి బయటి మూల దగ్గర రెప్ప మీద నుంచి వేలితో చాలా మెల్లగా తోయండి, ఎదురుగా ఉన్న గోడ కదిలినట్టు ఉంటుంది. అదే మనంతట మనం కన్ను తిప్పితే గోడ కదలదు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని పట్టుకుని, మెదడు తాను పంపిన ఆర్డరునే లెక్కలోకి తీసుకుంటుంది, కండరం చెప్పేది వినదు అన్నాడు. షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒప్పుకోలేదు, కండరం చెప్పేది కూడా లెక్కే అన్నాడు. 1949లో కూపర్, డేనియల్ మనిషి కంటి కండరాల్లో స్పిండిల్స్, అంటే సాగుడుని కొలిచే బుల్లి అవయవాలు, బాగానే ఉన్నాయని చూపించారు. విచిత్రమేంటంటే గొర్రెలో ఇవి పుష్కలం, పిల్లిలో కుక్కలో అసలు లేవు. పైగా 1971లో కెల్లర్, రాబిన్సన్ కోతి కంటి కండరాన్ని సాగదీసి చూస్తే మోకాలి కింద సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎగిరినట్టు ఇక్కడ ఏ రిఫ్లెక్సూ రాలేదు. అయినా కబురు మాత్రం పైకి వెళ్తోంది, 2007లో కోతి మెదడు పైపొరలో స్పర్శకి సంబంధించిన చోట కన్ను ఎటుందో చెప్పే నాడీకణాలు దొరికాయి. ఇద్దరు పెద్దమనుషుల్లో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. క్షణం క్షణం జరిగే కదలికకి మెదడు తన ఆర్డరుని నమ్ముకుంటుంది, ఆ ఆర్డర్ల లెక్క కాలక్రమంలో తప్పిపోకుండా సరిచూసుకోడానికి కండరం కబురు వాడుకుంటుంది అని చాలామంది ఇప్పుడు అనుకుంటున్నారు, వాదనలన్నిటిలోకీ గట్టిగా అనిపించేది కూడా ఇదే.

స్పిండిల్స్ లేని పిల్లి సంగతి తేలాలంటే ఇంకో అవయవం దగ్గరికి వెళ్లాలి. 1906లో డోగియెల్ అనే రష్యన్ శాస్త్రవేత్త, కండరం స్నాయువుగా మారే చోట ఒక వింత చూశాడు. నరం పోగు స్నాయువులోకి వెళ్లి, అక్కడ వెనక్కి మళ్లి, కండర పోగు కొస చుట్టూ దడి కట్టినట్టు కొమ్మలు వేస్తోంది. వీటిని పాలిసేడ్ ఎండింగ్స్ అంటారు, ద్రాక్షగుత్తి రకం పోగుల కొసల దగ్గరే ఉంటాయి, ఒంట్లో ఇంకెక్కడా కనబడలేదు. ఆకారం చూస్తే సాగుడుని కొలిచే ఇంద్రియంలా ఉంది, అందరూ అలాగే అనుకున్నారు. 2005 ప్రాంతంలో వియన్నాలో బ్లూమర్, కొనాక్చి వాళ్లు రంగులు పట్టించి చూస్తే వీటిలో ఉన్నది అసిటైల్‌కోలిన్, అంటే ఆర్డర్లు మోసే నరాల రసాయనం. 2011లో వీటి మూలం మెదడులో ఆ అంచు కణాల గుంపుల్లోనే, కదలికల ఆర్డర్లిచ్చే మోటార్ కేంద్రాల దగ్గరే ఉందని తేలింది. పుట్టుక చూస్తే ఆర్డరు నరం, ఆకారం చూస్తే కబురు నరం. వాదన ఇంకా నడుస్తోంది.

ఈ పరిశోధనలో ఒక పనిముట్టు ఉంది, అది తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఏ నరం కొస కండరానికి ఆర్డరు ఇస్తోందో గుర్తుపట్టాలంటే అక్కడ అసిటైల్‌కోలిన్‌ని అందుకునే రిసెప్టార్లు ఉన్నాయా అని చూడాలి. దానికి వాడేది ఆల్ఫా-బంగారోటాక్సిన్, మెరిసే రంగు కలిపి వేస్తే రిసెప్టార్లున్న చోటల్లా గట్టిగా అతుక్కుని మైక్రోస్కోప్‌లో వెలుగుతుంది. పాలిసేడ్ కొసల్ని కూడా దీంతోనే పరీక్షించారు. ఇది కట్లపాము జాతి విషం, తైవాన్‌లో దొరికే ఒక కట్లపాము నుంచి చాంగ్, లీ 1963లో వేరు చేశారు. పేరులో "బంగారు" ఎక్కడిదంటే, ఆ పాముల జాతి పేరు బంగారస్, 1803లో డోడాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెట్టాడు, ఆయన తీసుకున్నది పాట్రిక్ రసెల్ పుస్తకం నుంచి. రసెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరం పాముల మీద 1796లో పెద్ద బొమ్మల పుస్తకం వేయించాడు, అందులో పసుపు నలుపు పట్టీల పాముకి ఇక్కడి జనం అన్న పేరు, బంగారం పాము, అలాగే రాసుకున్నాడు. జనం నోట విన్న ఆ తెలుగు మాట ఇవాళ ప్రపంచంలో నరం, కండరం కలిసే చోటు గురించి పనిచేసే ల్యాబులన్నిటి సీసాల మీద ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. కట్లపాము విషంలో రెండు పనులు చేసేవి ఉంటాయి, ఒకటి రిసెప్టార్లని మూసేస్తుంది, రెండోది నరం కొసనే దెబ్బతీసి అసిటైల్‌కోలిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుంది. చేతికీ కాలికీ ఉండే జంక్షన్లలో అవసరానికి మించి రసాయనం, రిసెప్టార్లు ఉంటాయి, కొన్ని పోయినా పని నడిచిపోతుంది. కంటి కండరాల జంక్షన్లలో ఆ మిగులు తక్కువ, మీద పడే రద్దీ ఎక్కువ. ద్రాక్షగుత్తి పోగుల్లోనైతే ఎంత అందితే అంతే బిగుసుకునే పద్ధతి కాబట్టి కొంచెం తగ్గినా కొంచెం వదులవుతుంది. రెప్ప ఎత్తే లివేటర్‌లో ఈ పోగులు లేవు, దాని కష్టం వేరు, మెలకువ ఉన్నంతసేపూ రెప్పని మోస్తూనే ఉండాలి. ఇంకో సంగతి కూడా ఉంది, కాలి బలం కొంచెం తగ్గితే మనిషికి తెలియను కూడా తెలియదు, కంటిలో చిన్న తేడా వచ్చినా ఒకటి రెండుగా కనబడుతుంది, రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగినా ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది.

మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బులో ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఆ రిసెప్టార్ల మీదే పడతాయి, అక్కడా సగానికి పైగా పేషెంట్లలో మొదలయ్యేది కళ్లతోనే. పొద్దున బాగానే ఉన్న రెప్ప సాయంత్రానికి వాలుతుంది. వాలిన రెప్ప మీద ఐసు మూట రెండు నిమిషాలు పెట్టి తీస్తే రెప్ప లేస్తుంది, చలికి అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ మందగిస్తుంది కాబట్టి ఉన్న కొంచెం రసాయనమే కాసేపు ఎక్కువ నిలబడుతుంది. ఖర్చు లేని పరీక్ష, ఏ ఊళ్లోనైనా చేయొచ్చు.

ఏఎల్‌ఎస్ అనే జబ్బు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. దాంట్లో ఆర్డరు ఇచ్చే నాడీకణాలే చచ్చిపోతాయి, చేతులు, కాళ్లు, నాలుక, చివరికి ఊపిరి, అన్నీ పోతాయి గానీ కంటి కదలిక చాలా చివరిదాకా మిగులుతుంది. మంచంలో కదల్లేని మనిషి కంప్యూటర్ తెర మీద చూపుతో అక్షరాలు ఎంచుకుని ఇంట్లోవాళ్లతో మాట్లాడగలిగేది అందుకే. ఒకే వ్యవస్థలో నాడీకణం అంత గట్టిది, దాని కొసన ఉన్న జంక్షన్ అంత నాజూకుది.

ఆ నాజూకుతనాన్నే మందుగా మార్చినవాడు శాన్ ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ ఆలన్ స్కాట్. మెల్లకన్నుకి కత్తి లేకుండా ఏదైనా చేయొచ్చా అని వెతుకుతూ, 1970ల చివర్లో బొట్యులినమ్ విషాన్ని అతి తక్కువ మోతాదులో ఎక్కువగా లాగుతున్న కండరంలోకి ఎక్కించాడు. సూదికి కరెంటు సంకేతం వినిపించే తీగ ఉంటుంది, పేషెంట్‌ని ఆ వైపుకి చూడమంటే స్పీకర్‌లో చర్రుమని శబ్దం పెరుగుతుంది, అంటే సూది సరైన చోటే ఉందన్నమాట, అప్పుడు మందు వదుల్తారు. అది నరం కొసలో అసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా ఆపుతుంది, మూడు నెలల దాకా కండరం బలహీనంగా ఉంటుంది, ఈలోపు ఎదురు కండరం సర్దుకుంటుంది. 1989 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది, అప్పుడు దాని పేరు ఒక్యులినమ్, కంటి పేరే. ముఖం ముడతలకి వాడే బొటాక్స్ అయింది ఆ తర్వాత.

కాటు తిన్న మనిషి దగ్గరికి వస్తే, యాంటీవీనమ్ రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది గానీ అప్పటికే దెబ్బతిన్న నరం కొసల్ని బాగుచేయలేదు. తాచుపాము విషం ఎక్కువగా రిసెప్టార్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి అసిటైల్‌కోలిన్ విరగకుండా ఆపే నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే రెప్పలు లేవొచ్చు, కట్లపాము కాటులో నరం కొసలే ఖాళీ కాబట్టి ఆ మందుకి పెద్దగా ఫలితం ఉండదు, కొసలు మళ్లీ మొలిచేదాకా, అంటే కొన్ని రోజులు, వెంటిలేటరే దిక్కు. ఆ రోజుల్లో మనిషి కన్ను తెరవడు, వేలు కదపడు, టార్చి వేస్తే కంటిపాప చిన్నదవ్వదు, చూసినవాళ్లు మెదడు చచ్చిపోయిందేమో అనుకునేలా ఉంటాడు, కానీ అన్నీ వినబడుతుంటాయి. అందుకే తెలిసిన ఐసీయూల్లో నర్సులు రెప్ప ఎత్తి చూసేటప్పుడు పేరు పెట్టి పిలిచి మాట్లాడతారు, కన్ను ఎండిపోకుండా చుక్కలు వేసి రెప్పలు మూసి టేపు వేస్తారు. ఒక పొద్దున టేపు తీసి వేలితో రెప్ప ఎత్తి వదిలితే అది వెంటనే పడిపోకుండా ఒకటి రెండు సెకన్లు సన్నగా వణుకుతూ నిలబడుతుంది.